వంకరపోయే ఫారం, మాయమయ్యే ఫారం

పాత బ్రౌజర్‌లో తెరిస్తే వెబ్ ఫారం రెండు రకాలుగా చెడుతుంది. ఒకటి వంకరపోతుంది. గడులు ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి, ‘తండ్రి పేరు’ ఒకచోట ఉంటే దాన్ని నింపాల్సిన గడి ఇంకోచోట పడుతుంది, సబ్మిట్ బటన్ కుడి అంచు దాటిపోతుంది. ఇంకొకటి మాయమవుతుంది. పైన శాఖ పేరు, చిహ్నం కనిపిస్తాయి, కిందంతా తెల్లటి ఖాళీ. మొదటిది 2000ల నాటి ఫారాల తీరు. రెండోది గత ఏడెనిమిదేళ్లలో వచ్చినవాటి తీరు. ఇంజినీరు లెక్కలో రెండూ లోపాలే. దరఖాస్తు పెట్టుకునే మనిషి వైపు నుంచి చూస్తే మాత్రం వీటి మధ్య చాలా దూరం ఉంది. ఆ దూరం ఎంతో తేల్చడానికే ఈ రెండు తరాలనూ పక్కపక్కన పెడుతున్నాను.

ఈ పోలికకు కొత్తగూడెం తగిన చోటు. 2016 అక్టోబరు 11న భద్రాద్రి కొత్తగూడెం జిల్లా ఏర్పడినప్పటి నుంచి గుండాల, ఆళ్లపల్లి, చర్ల, దుమ్ముగూడెం లాంటి అడవి అంచు మండలాలకు ఇదే జిల్లా కేంద్రం. సింగరేణి ప్రధాన కార్యాలయం ఇక్కడే ఉంది. సింగరేణిలో ఉద్యోగ ప్రకటన పడితే దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే. కులం, ఆదాయం సర్టిఫికెట్లకు మీసేవ, డిగ్రీ సీటుకు 2016 నుంచి దోస్త్, స్కాలర్‌షిప్‌కు ఈపాస్. చర్ల దగ్గరి కోయ గూడెంలో ఇంటర్ పాసైన అమ్మాయి కాలేజీ గడప తొక్కేలోపు ఇన్ని ఫారాలు దాటాలి. వీటిలో ఏ ఒక్కటి తెరుచుకోకపోయినా ఆ అమ్మాయికి పోయేది ఒక రోజు కూలీ, బస్సు చార్జీలు, ఒక్కోసారి గడువు.

ఆ ఫారాలు తెరుచుకునే యంత్రాలు ఒకే కాలానివి కావు. విండోస్ ఎక్స్‌పీ మీద నడిచే చివరి క్రోమ్ 49వది, 2016 నాటిది. విండోస్ 7కు చివరిది 2023 జనవరిలో వచ్చిన క్రోమ్ 109. ఆ పైవి ఆ కంప్యూటర్లలో ఎక్కనే ఎక్కవు. కాబట్టి బ్రౌజర్ పాతబడటానికి నెట్ సెంటర్ యజమాని బద్ధకమే కారణమనడం అన్యాయం. 2017లో వచ్చిన జియోఫోన్ పరిస్థితి ఇంకా కఠినం. అందులోని కాయ్ ఓఎస్ 2.5 బ్రౌజర్ 2016 నాటి ఫైర్‌ఫాక్స్ 48 ఇంజిన్ దగ్గరే ఆగిపోయింది. తెర వెడల్పు 240 పిక్సెళ్లు. ‘మీ బ్రౌజర్‌ను అప్‌డేట్ చేసుకోండి’ అనే సందేశం ఆ ఫోనులో కనిపించినా పాటించే దారి లేదు.

ఏ కారణంతో ఫారం రాకపోయినా నెట్ సెంటర్‌లో వినిపించే మాట ఒక్కటే: ‘సర్వర్ డౌన్’. క్యూలో ఉన్నవాళ్లు ఆ మాట విని వెనక్కి పోతారు. చాలాసార్లు సర్వర్ బాగానే ఉంటుంది. తెరను ఒక్క నిమిషం పరిశీలిస్తే జబ్బు ఎక్కడుందో తెలుస్తుంది. బ్రౌజర్ ‘కనెక్షన్ సురక్షితం కాదు’ అని అడ్డుపడితే ముందు కంప్యూటర్ మూలనున్న తేదీ చూడాలి. పాత డెస్క్‌టాప్ మదర్‌బోర్డు మీది గుండ్రటి బ్యాటరీ అయిపోతే గడియారం ఏళ్ల వెనక్కి పోతుంది. అప్పుడు సైటు సర్టిఫికెట్ ఇంకా అమల్లోకే రాలేదని బ్రౌజర్ అనుకుంటుంది. తేదీ సరిచేస్తే సైటు తెరుచుకుంటుంది, బ్యాటరీ మారిస్తే ఆ చిక్కు మళ్లీ రాదు. తేదీ సరిగ్గానే ఉండి, చేతిలోది ఆండ్రాయిడ్ 7.1 కన్నా పాత ఫోను అయితే కారణం వేరే ఉండొచ్చు. లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థ సర్టిఫికెట్లు ఆధారపడిన పాత మూల సర్టిఫికెట్‌కు 2021 సెప్టెంబరు 30న కాలం తీరింది, పాత ఆండ్రాయిడ్ ఫోన్ల కోసం చేసిన ప్రత్యేక ఏర్పాటు కూడా 2024లో ముగిసింది. కొత్త మూలం పేరు ఆ ఫోన్లకు తెలియదు. అలాంటి ఫోన్లలో ఫైర్‌ఫాక్స్ వేసుకుంటే పని జరిగేది, ఎందుకంటే అది తన సర్టిఫికెట్ల జాబితాను తానే వెంట తెచ్చుకుంటుంది.

ఇవి గుమ్మం దగ్గరి అడ్డంకులు. అసలు పోలిక లోపలికి అడుగుపెట్టాక మొదలవుతుంది.

ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 6 2001 ఆగస్టులో వచ్చింది. ఏడో వెర్షన్‌కు 2006 అక్టోబరు దాకా ఆగాల్సి వచ్చింది. ఆ మధ్యకాలంలో ప్రపంచంలో పదిమందిలో తొమ్మిది మంది వాడింది ఎక్స్‌ప్లోరరే. దాంట్లో సరిగ్గా కనిపిస్తే చాలనుకొని మన దేశంలో ఎన్నో ఫారాలు రాశారు, పేజీ అడుగున ‘ఎక్స్‌ప్లోరర్‌లోనే చూడండి’ అని ఇంగ్లిష్‌లో ఒక వాక్యం తగిలించారు. కష్టమేమిటంటే ఆ బ్రౌజర్ కొలతలు వేరు. ఒక డబ్బాకు 200 పిక్సెళ్ల వెడల్పు, లోపల అటూ ఇటూ పదేసి పిక్సెళ్ల ఖాళీ, రెండు వైపులా ఒక్కో పిక్సెల్ గీత ఇచ్చామనుకోండి. ప్రమాణం ప్రకారం తెర మీద అది 222 పిక్సెళ్లు పట్టాలి. పేజీ మొదట్లో డాక్‌టైప్ అనే ప్రకటన లేకపోతే ఎక్స్‌ప్లోరర్ 6 పాత పద్ధతికి మారి అంతా కలిపి 200లోనే సర్దేది. 400 పిక్సెళ్ల వరుసలో రెండు డబ్బాలు అక్కడ పక్కపక్కన నిలబడితే, ఫైర్‌ఫాక్స్‌లో రెండోది కిందికి జారిపోయేది. ప్రమాణం ప్రకారం రాసిన ఫారం ఎక్స్‌ప్లోరర్‌లో చెడేది, ఎక్స్‌ప్లోరర్ కోసం రాసింది మిగతావాటిలో చెడేది. ఇలాంటి పేజీకి వైద్యం డాక్‌టైప్ దగ్గరే మొదలుపెట్టాలి. ఆ ఒక్క వరుస పెట్టి, వెడల్పులు మళ్లీ సరిచూశాక మిగిలిన వంకరలు లెక్కపెట్టగలిగినన్నే ఉంటాయి.

ఆ మిగిలినవాటిలో ఒకటి జిల్లా, మండలం ఎంచుకునే జాబితా గడి. ఎక్స్‌ప్లోరర్ 6 ఆ గడిని పేజీలో భాగంగా గీసేది కాదు, విండోస్ సొంత కిటికీగా పేజీ పైన అతికించేది. పేజీలోని మరే వస్తువూ దాన్ని కప్పలేదు. పుట్టిన తేదీ కోసం క్యాలెండర్ తెరిస్తే, పదిహేనో తేదీ ఉండాల్సిన చోట ‘ఖమ్మం’ పొడుచుకొచ్చేది. ఏది పైన ఉండాలో చెప్పే జెడ్ ఇండెక్స్ ఎంత పెంచినా లాభం ఉండేది కాదు. క్యాలెండర్ తెరిచినంతసేపూ జాబితాను దాచడమో, క్యాలెండర్ కింద ఒక ఖాళీ ఐఫ్రేమ్ పరచడమో చేసేవారు. పక్కకు తేలే డబ్బా అంచు దూరం రెండింతలు కావడం ఇంకో పేరుమోసిన తప్పు. దానికి ఆ డబ్బాను ‘ఇన్‌లైన్’ అని ప్రకటించడమే మందు. ఆ మందు ఎందుకు పనిచేస్తుందో చాలామందికి తెలియదు, పనిచేస్తుందని మాత్రం అందరికీ తెలుసు.

ఇంత వంకరలోనూ ఆ ఫారం చేసిన మేలు ఒకటుంది. గడులు పేజీలోనే ఉంటాయి. మౌసు ఏదైనా గడిని పట్టలేకపోయినా టాబ్ మీట నొక్కుతూ పోతే వరుసగా అన్ని గడుల్లోకీ వెళ్లొచ్చు. బటన్ కనిపించకపోయినా చాలా ఫారాల్లో ఎంటర్ నొక్కితే దరఖాస్తు వెళ్తుంది. కంట్రోల్‌తో పాటు మైనస్ మీట నొక్కి పేజీని కుదించవచ్చు. 2009లో వచ్చిన ఎక్స్‌ప్లోరర్ 8లో అయితే చిరునామా పట్టీ పక్కన చిరిగిన కాగితం బొమ్మ ఉండేది, దాన్ని నొక్కితే పేజీని పాత పద్ధతిలో చూపించేది. కోల్‌బెల్ట్ పట్టణాల్లో ఆపరేటర్లు ఈ కిటుకులతోనే వందల దరఖాస్తులు దాటించారు. వాళ్ల నేర్పును నేను తక్కువ చెయ్యను. ఆ నేర్పు పనికొచ్చిందంటే, పట్టుకోవడానికి ఫారంలో ఏదో ఒకటి మిగిలి ఉందన్నమాట.

కొత్త ఫారంలో ఆ పట్టు ఉండదు. సర్వర్ నుంచి వచ్చేది దాదాపు ఖాళీ పేజీ, దాని వెంట ఒక పెద్ద జావాస్క్రిప్ట్ ఫైలు. గడులు, జాబితాలు, బటన్లు అన్నింటినీ ఆ ఫైలే బ్రౌజర్‌లో నడుస్తూ కట్టుకుంటూ పోతుంది. ఇక్కడే రెండు తరాల స్వభావాలు విడిపోతాయి. హెచ్‌టీఎంఎల్ తనకు తెలియని మాట కనిపిస్తే దాన్ని వదిలేసి ముందుకు పోతుంది. సీఎస్‌ఎస్ తెలియని నియమాన్ని పక్కనపెట్టి తర్వాతి నియమం చదువుకుంటుంది. జావాస్క్రిప్ట్‌కు ఆ ఓర్పు లేదు. ఫైలులో ఎక్కడైనా ఒక్క గుర్తు అర్థం కాకపోతే ఫైలు మొత్తాన్నీ తిరస్కరిస్తుంది. ప్రశ్నార్థకం, చుక్క కలిపి రాసే ఒక గుర్తు క్రోమ్‌కు 80వ వెర్షన్‌తో, అంటే 2020 ఫిబ్రవరిలో, తెలిసింది. ఆ గుర్తును వేల వరుసల ప్రోగ్రాములో ఒక్కచోట వాడినా చాలు, క్రోమ్ 49లోనూ జియోఫోనులోనూ తెల్ల పేజీ వస్తుంది. పేరు గడి రాదు, బటన్ రాదు, టాబ్ నొక్కితే వెళ్లడానికి చోటే ఉండదు. అంతకన్నా దారుణం, ఏం జరిగిందో చెప్పే మాట తెర మీద ఎక్కడా కనిపించదు. ఎక్స్‌ప్లోరర్ 6 కనీసం ఎడమ మూలన పసుపు త్రికోణం చూపేది, దాని మీద రెండుసార్లు నొక్కితే తప్పు ఏ వరుసలో ఉందో చెప్పేది. ఇప్పుడు ఎఫ్ 12 నొక్కి కన్సోల్ తెరవాలి. అది తెలిసిన ఆపరేటర్లు ఎంతమంది? ఫోనులో అయితే ఆ దారీ లేదు.

స్క్రిప్టు నడిచి ఫారం వచ్చినా చిక్కులు తీరవు. గడుల మధ్య ఎడం కోసం ఫ్లెక్స్‌లో వాడే ‘గ్యాప్’ నియమం క్రోమ్ 84తో, 2020లో వచ్చింది. అంతకుముందు బ్రౌజర్లలో గడులన్నీ అతుక్కుపోతాయి. ‘తల్లి పేరు’ అన్నది పై గడిదో కింది గడిదో తెలియదు. తేదీ గడిది ఇంతకన్నా ప్రమాదం. ‘డేట్’ రకం గడిని క్రోమ్ 2012 నుంచి, ఫైర్‌ఫాక్స్ 2017లో వచ్చిన 57వ వెర్షన్ నుంచి చూపిస్తున్నాయి. ఎక్స్‌ప్లోరర్ ఎన్నడూ చూపలేదు. తెలియని బ్రౌజర్‌లో అది మామూలు అక్షరాల గడిగా మారిపోతుంది. మనం అలవాటు ప్రకారం 05-08-2006 అని కొడతాం. సర్వర్ ఏడాది ముందుండాలని ఎదురుచూస్తుంది. తిరస్కరిస్తే అదృష్టం. ఆగస్టు అయిదును మే ఎనిమిదిగా చదువుకొని తీసుకుంటే పదో తరగతి మెమోకూ దరఖాస్తుకూ పుట్టిన తేదీ కలవదు, సర్టిఫికెట్ల పరిశీలన రోజున అది బయటపడుతుంది. తెర మీది చిన్న తేడా కాగితం మీద పెద్ద తప్పుగా మారే చోటు ఇది. అందుకే ఎన్ని మరమ్మతులున్నా తేదీ గడినే ముందు చూడమంటాను.

పాత ఫారమే మేలని చెప్పడం నా ఉద్దేశం కాదు. అది చేసిన అన్యాయాలూ తక్కువేమీ కావు. డిజిటల్ సంతకం కోసం యాక్టివ్‌ఎక్స్ అంటూ ఎక్స్‌ప్లోరర్‌కు, లేదంటే జావా ఆప్లెట్‌కు కట్టేసిన ఫారాలు చాలా ఉండేవి. 2015లో క్రోమ్ జావా లాంటి ప్లగిన్లను తీసేసినప్పుడు ఆప్లెట్ ఫారాలు ఆ బ్రౌజర్‌లో మూగబోయాయి. ఏదైనా ఒక గడి తప్పు నింపితే పేజీ మళ్లీ లోడై అన్ని గడులూ ఖాళీ అయ్యేవి. పట్టికల్లో బిగించిన ఆ ఫారం ఫోను తెర మీద అటూ ఇటూ జరుపుకుంటే తప్ప కనిపించదు. చూపు లేనివాళ్లకు చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌కు ఏ పేరు ఏ గడిదో అంతుపట్టదు. కొత్త ఫారం వీటిని నిజంగా బాగుచేసింది. గడి పక్కనే తప్పు చూపిస్తుంది, ఫోను వెడల్పుకు సర్దుకుంటుంది, నింపింది పోకుండా దాచుకుంటుంది. ఈ గుణాలు నిలబెట్టుకోవాలి.

తెలుగు దగ్గరికి వస్తే రెండు తరాలూ దోషులే, దోషాలు వేరు. పాత తరంలో తెలుగు అక్షరం బొమ్మగానో, ఒక్క సైటుకే పరిమితమైన ఫాంటుగానో ఉండేది. ఈనాడు లాంటి పత్రికల సైట్లు అప్పట్లో సొంత ఫాంట్లతో ఎక్స్‌ప్లోరర్‌కే కట్టుబడి ఉండేవి. ఫైర్‌ఫాక్స్‌లో వాటిని యూనికోడ్‌లోకి మార్చి చదివించడానికి నాగార్జున వెన్న ‘పద్మ’ అనే పొడిగింపు తయారుచేయాల్సి వచ్చింది. ఫారాల్లో ఈ బాధ ఇప్పటికీ ఉంది. డీటీపీ సెంటర్‌లో అనూ ఫాంట్లతో కొట్టిన చిరునామాను కాపీ చేసి వెబ్ ఫారంలో అతికిస్తే అర్థంలేని ఇంగ్లిష్ అక్షరాల గుంపు పడుతుంది. ఫాంటు తోడు లేకపోతే లోపల ఉన్నవి ఆ అక్షరాలే. విండోస్ ఎక్స్‌పీలో గౌతమి ఫాంటు ఉన్నా, రీజనల్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి క్లిష్ట లిపుల మద్దతు విడిగా వేసుకోకపోతే వత్తులు అక్షరం కిందికి చేరకుండా పక్కన విడిపోయేవి.

కొత్త ఫారం యూనికోడ్‌తో ఆ బాధ తీర్చింది కానీ, గడి కొలత మాత్రం ఇంగ్లిష్ అక్షరానికే ఇచ్చింది. 18 పిక్సెళ్ల ఎత్తుకు బిగించిన గడిలో ‘లక్ష్మి’ అని కొడితే పైన గుడి, కింద వత్తులు కోసుకుపోతాయి. కళ్లకు కనిపించేది ఒకటి, లోపల నమోదైంది ఇంకొకటి. తప్పు పడిందేమోనని మళ్లీ మళ్లీ కొట్టేవాళ్లున్నారు. ఎత్తును పిక్సెళ్లలో బిగించకుండా అక్షర పరిమాణానికి రెండింతల దాకా వరుస ఎత్తు ఇస్తే పాత బ్రౌజర్‌లో కూడా ఇది తీరుతుంది. ఎన్ని అక్షరాలు పడతాయనే పరిమితి ఇంకో చిక్కు. ‘లక్ష్మి’ మనకు రెండక్షరాలు, యూనికోడ్ లెక్కలో ఏడు. ‘భద్రాద్రి కొత్తగూడెం’ మనం పలికితే ఏడక్షరాలు, మధ్య ఖాళీతో కలిపి యూనికోడ్‌లో 20, యూటీఎఫ్ 8లో దాచితే 58 బైట్లు. 50 బైట్ల పరిమితి పెట్టిన డేటాబేస్‌లో మన జిల్లా పేరు పూర్తిగా పట్టదు. ఇది బ్రౌజర్ పాతదా కొత్తదా అన్న దానితో సంబంధం లేని తప్పు. ఆపరేటర్ ఏ బ్రౌజర్ మార్చినా పోదు. ఫారం రాసేటప్పుడు సొంత జిల్లా పేరు ఒక్కసారి తెలుగులో కొట్టి చూస్తే బయటపడుతుంది.

ఒకే బ్రౌజర్‌ను నమ్ముకున్నందుకు మనకన్నా ఎక్కువ దెబ్బతిన్న దేశం దక్షిణ కొరియా. 1999 నుంచి అక్కడ బ్యాంకు లావాదేవీలకు, ప్రభుత్వ ఫారాలకు యాక్టివ్‌ఎక్స్ ఆధారిత ధ్రువీకరణ వాడారు. ప్రపంచంలోకెల్లా వేగమైన ఇంటర్నెట్ ఉండి కూడా ఆ దేశం ఎక్స్‌ప్లోరర్‌ను వదల్లేకపోయింది. ఆ ధ్రువీకరణకున్న ప్రత్యేక హోదా చట్టం ద్వారా పోయింది 2020 డిసెంబరులో. ఎక్స్‌ప్లోరర్‌ను మైక్రోసాఫ్ట్ 2022 జూన్ 15న విరమింపజేసింది. ఎడ్జ్ లోపల పాత పేజీల కోసం ఉంచిన ప్రత్యేక పద్ధతి మాత్రం కనీసం 2029 దాకా ఉంటుందని ప్రకటించింది. ఆ గడువును ఊరటగా తీసుకొని పాత ఫారాలను అలాగే ఉంచడం మంచిది కాదు.

బ్రిటన్ ప్రభుత్వ సైటు నడిపేవాళ్లు 2013లో ఒక లెక్క తీశారు. వచ్చినవాళ్లలో 1.1 శాతం మందికి జావాస్క్రిప్ట్ అందలేదు. కావాలని ఆపుకున్నవాళ్లు, జావాస్క్రిప్ట్ లేని బ్రౌజర్ వాడినవాళ్లు కలిపి మొత్తంలో 0.2 శాతమే. మిగిలినవాళ్లకు నెట్‌వర్క్ తెగిపోవడం లాంటి వేరే కారణాలతో రాలేదు. సిగ్నల్ బలంగా ఉన్న దేశంలోనే అంత ఉంటే, గుండాల దారిలో ఒక చెట్టు దాటాక టవర్ దొరికే మన దగ్గర ఎంతుంటుందో ఎవరైనా ఊహించగలరు. వాళ్లు దానికి కట్టుకున్న పద్ధతి నాకు నచ్చింది. ముందు స్క్రిప్టు లేకుండా పూర్తిగా పనిచేసే మామూలు హెచ్‌టీఎంఎల్ ఫారం పెడతారు, తర్వాత తెలిసిన బ్రౌజర్లకు సౌకర్యాలు చేర్చుతారు. గుర్తున్న తేదీ అడగాల్సినచోట క్యాలెండర్ పెట్టరు. రోజు, నెల, సంవత్సరం అని మూడు చిన్న గడులు పెడతారు. ఈ మూడు గడులు ఎక్స్‌ప్లోరర్ 6లో, జియోఫోనులో, నేటి క్రోమ్‌లో ఒకేలా పనిచేస్తాయి. ఆగస్టు, మే గొడవ ఉండదు.

నా తీర్పు ఇది. రెండు తరాల్లో పాత ఫారం తన వంకరలతో మనిషిని విసిగించింది, కొత్త ఫారం తన అందంతో మనిషిని బయట నిలబెట్టింది. రెండోది పెద్ద తప్పు. ఇప్పుడు కావలసింది పాతదానిలా పేజీతో పాటే వచ్చే గడులు, కొత్తదాని యూనికోడ్, ఫోనుకు సర్దుకునే గుణం. ఇవి కలపడానికి కొత్త సాంకేతికత ఏదీ అక్కర్లేదు, ఆ పద్ధతికి పేరు పెట్టి ప్రచారం చేయడం 2003లోనే మొదలైంది.

ఆన్‌లైన్ ఫారాల పని అప్పగించే అధికారులకు నా విన్నపం. టెండరు షరతుల్లో మూడు మాటలు చేర్చండి. జావాస్క్రిప్ట్ ఆపేసినా దరఖాస్తు వెళ్లాలి. క్రోమ్ 109 ఉన్న విండోస్ 7 కంప్యూటర్ మీద, 240 పిక్సెళ్ల తెర ఉన్న ఫోను మీద నింపి చూపాలి. ఆ నింపే పరీక్ష హైదరాబాదు ఆఫీసులో కాకుండా చర్లలోనో ఆళ్లపల్లిలోనో, తెలుగులో పేరు, చిరునామా కొట్టి చేయాలి. ఈ మూడూ నెరవేరేదాకా చివరి బిల్లు చెల్లించకండి.

నెట్ సెంటర్ ఆపరేటర్లకు ఒక మాట. తెల్ల పేజీ వస్తే ‘సర్వర్ డౌన్’ అని పంపించేయకండి. ఆ కంప్యూటర్‌లోనే ఫైర్‌ఫాక్స్ ఉంటే అందులో తెరవండి. రాకపోతే కొంచెం కొత్త ఫోను తీసుకొని అందులో ‘డెస్క్‌టాప్ సైట్’ పెట్టి చూడండి. అదీ కాకపోతే పేజీ ఫొటో, బ్రౌజర్ వెర్షన్, తేదీ రాసి ఫారం పెట్టిన శాఖ హెల్ప్‌డెస్క్‌కు పంపండి. అలాంటి ఫిర్యాదులు అందనంతకాలం ఆ శాఖ రికార్డుల్లో ఆ ఫారం సవ్యంగా పనిచేస్తున్నట్టే లెక్క.